రాబర్టు గాడర్డు

దీపావళి రాత్రి తారాజువ్వ వెలిగించి పైకి విడువని బాలుడు మనలో నుండడు. అది యేల పైకి పోవుచున్నదని యెవరైన నడిగినచో, క్రిందికి చిమ్ము నిప్పును పొగయు గాలిని తన్నుచుండుటచేత పోవుచున్నదని తడుముకొనక చెప్పుదుము. మేమును మొన్నమొన్నటి వరకు అట్లే చెప్పుచుంటిమి. గాలి లేనిచోట తారాజువ్వ లేచునా యని మా తరగతిలో ప్రశ్న వచ్చినప్పుడు, లేవదని చేతులెత్తినవారే యెక్కువ. ఎత్తినవారిలో మేమును ఉంటిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ పొరపాటే కారణము. ఏలయన, 1920వ సంవత్సరమున అమెరికాలోని యొక గొప్ప పత్రిక సరిగా ఈ పొరపాటునే చేసి, దానిని తన తప్పుగా గాక ఒక కళాశాలాచార్యుని తప్పుగా నెంచి, ఆయనకు హైస్కూలు పిల్లలకు నేర్పెడి శాస్త్రజ్ఞానమైనను లేదని లోకమెల్ల చదువునట్లు ప్రకటించెను. హైస్కూలు పిల్లలమైన మాకు ఈ సంగతి తెలిసినప్పుడు కొంత నవ్వును, అంతకు మించి సిగ్గును గలిగినవి. ఆ ఆచార్యుడే రాబర్టు హచింగ్సు గాడర్డు.

గాడర్డు 1882వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో మసాచుసెట్సు రాష్ట్రమునందలి వూస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి పేరు నాహం, తల్లి పేరు ఫానీ. బిడ్డ పసివాడై యుండగనే వారు బోస్టను నగరమునకు కాపురము మార్చిరి. తల్లికి క్షయవ్యాధి సోకుటచేత 1898లో మరల వూస్టరునకే వచ్చిరి. రాబర్టు చిన్ననాటినుండియు రోగిష్ఠివాడు. తఱచుగా బడి మానవలసి వచ్చుచుండెను. అందుచేత తన యీడు పిల్లలకంటె తరగతులలో వెనుకబడెను. మంచమున నున్న దినములలో గ్రంథాలయమునుండి తెప్పించుకొనిన పుస్తకములే యతనికి చెలికాండ్రు. అంగారక గ్రహమునుండి వచ్చినవారు భూమిపై దండెత్తినట్లు వెల్సు అను నాంగ్ల రచయిత వ్రాసిన కథ ఆ కాలముననే యతని చేతబడెను. కథలు చదివి చెడిపోవుదురని మన పెద్దలు కొందరందురు. ఈ బాలుని విషయమున మాత్రము అట్లు జరుగలేదు.

1899వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీని, పదునేడేండ్ల రాబర్టు ఇంటి వెనుకనున్న చెఱ్ఱీచెట్టు ఎండుకొమ్మలను కోయుటకై రంపము చేతబట్టి పైకెక్కెను. క్రింద పొలములు, పైన ఆకాశము. అంగారకునివరకు పోగల యంత్రమొకటి చేయగలిగినచో ఎట్లుండునో యని యతడు కొమ్మపై కూర్చుండి యోచించెను. చెట్టు దిగునప్పటికి తాను వేఱు మనుష్యుడై దిగినట్లు అతనికి తోచెనట. అదిమొదలు చనిపోవువరకు ప్రతి సంవత్సరమును ఆ తేదీని తన పండుగదినముగా జరుపుకొనెను. వూస్టరులో నున్నపుడెల్ల ఆ చెట్టును పోయి చూచి వచ్చుచుండెను. 1938లో వచ్చిన గొప్ప తుపానులో ఆ చెట్టు కూలిపోయెను. ఆ సంగతిని ఆయన తన దినచర్యలో దుఃఖముతో వ్రాసికొనెను.

జబ్బుచే వెనుకబడుటవలన 1904లో హైస్కూలు ముగియునప్పటికి ఆతని వయస్సు ఇరువదియొకటి. కాని తరగతిలో ప్రథముడై, సెలవు పుచ్చుకొను సభలో ఉపన్యసించుటకు అతడే యెన్నుకొనబడెను. పరీక్షించి చూడనిదే దేనిని అసాధ్యమని నిర్ణయింపరాదనునది ఆ యుపన్యాసపు సారాంశము. తరువాత వూస్టరు సాంకేతిక కళాశాలలో చదువుచు, 1907లో ఆ భవనపు నేలమాళిగయందు మందుగుండు రాకెట్టొకటి కాల్చి గదులన్నిటిని పొగతో నింపెను. మన ప్రయోగశాలలో నట్టి పని చేసినవానికి ఏమి జరుగునో మేము చెప్పనక్కఱలేదు. ఆచార్యులు మాత్రము అతనిని బడినుండి వెడలగొట్టలేదు. 1908లో పట్టమును, 1911లో క్లార్కు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమునకు పరిశోధన చేయుటకై పోయెను. 1913లో తల్లికి వచ్చిన క్షయయే యతనికిని వచ్చెను. రెండు వారములకంటె బ్రతుకడని వైద్యులు తీర్మానించిరి. ఆ రెండు వారములు గడచెను; నెలలు గడచెను; అతడు లేచి కూర్చుండి, మంచముమీదనే తన యూహలకు చిత్రపటములు గీయసాగెను. 1914 జూలై నెలలో వారము వ్యవధిలో రెండు పేటెంటు హక్కులు ఆయనకు లభించెను. ఒకటి, ఒకదానిపై నొకటిగా నిలిపి, కాలిపోయిన దానిని జాఱవిడుచుచు పోవు రాకెట్టును గూర్చినది. రెండవది, ద్రవ ఇంధనమును గూర్చినది. నేడు ఆకాశమునకు పోవు పెద్ద రాకెట్లన్నిటికిని ఈ రెండూహలే పునాదులు. న్యాయముగా మఱియొక మాటయు చెప్పవలెను: రష్యా దేశపు ఉపాధ్యాయుడైన ట్సియోల్కోవ్‌స్కీ 1903లోనే ఇట్టి సిద్ధాంతమును ప్రకటించియుండెను. ఒకరినొకరు ఎఱుగకయే వీరు ఒకే మార్గమున నడచిరి. కాగితముపై లెక్క వేసినవాడు ఆయన. ఇనుము చేతబట్టి కాల్చి చూచినవాడు ఈయన.

ఇక మన ప్రశ్నకు వత్తము. గాలి లేనిచోట రాకెట్టు పోవునా? పడవలో నిలుచుండి ఒడ్డునకు దూకువానిని చూడుడు. వాడు ముందునకు దూకగనే పడవ వెనుకకు పోవును. అది వాని పాదములు పడవను వెనుకకు నెట్టుటచే జరిగినదే కాని, వాని దేహము ఒడ్డుమీది గాలిని తన్నుటచేత గాదు. తుపాకి పేల్చినపుడు భుజమునకు తగులు దెబ్బయు అట్టిదే. గుండు ముందునకు, తుపాకి వెనుకకు. రాకెట్టునందు గుండునకు బదులు మండిన వాయువు. ఒక పెట్టున గాక ఎడతెగక వెలువడుచుండును. ఎంత బరువైన వాయువు ఎంత వేగముతో వెలువడునో అంత బలము ఎదురుదిశగా రాకెట్టునకు గలుగును. బయట గాలి యున్నను లేకున్నను ఈ లెక్క తప్పదు. న్యూటను మహాశయుని మూడవ సూత్రమని మనమందఱము పరీక్షకు వల్లించునది యిదియే. వల్లించుట వేఱు, నమ్ముట వేఱు అని మా తరగతిలో ఎత్తిన చేతులే సాక్ష్యము.

గాడర్డు కేవలము నమ్మి యూరకుండలేదు. 1915లో క్లార్కు విశ్వవిద్యాలయమున బోధించుచు, ఓడలవారు సంకేతములకై వాడెడి రాకెట్లను కొని పరీక్షించెను. వాని మందులో నుండు శక్తిలో నూటికి రెండు పాళ్లు మాత్రమే కదలికగా మాఱుచున్నదనియు, వాయువు సెకనుకు సుమారు 1,000 అడుగుల వేగముతో మాత్రమే వెలువడుచున్నదనియు తేలెను. తక్కినదంతయు వేడిమిగా, మ్రోతగా, పొగగా వ్యర్థమగుచుండెను. అప్పుడాయన గట్టి యుక్కుతో మండుగదిని చేయించి, దానికి స్వీడను దేశపు ఇంజినీరు డి లావాల్ ఆవిరి చక్రములకొఱకు కనిపెట్టిన మూతిని తగిలించెను. ఈ మూతి చిత్రమైనది. మొదట సన్నగిల్లి, ఇఱుకైన కంఠమొకటి యేర్పడి, పిమ్మట బాకా మూతివలె విచ్చుకొనును. నీటిగొట్టపు మూతిని వ్రేలితో నొక్కినచో నీరు దూరము చిమ్మునని యెఱిగిన మనకు, సన్ననగునపుడు వేగము పెరుగునన్న సంగతి తెలిసినదే. కాని ఆ కంఠమునొద్ద వాయువు తనలో ధ్వని పోవునంత వేగమును అందుకొనిన పిదప, నియమము తలక్రిందగును. అంతటినుండి దారి వెడల్పగుకొలది వాయువు వ్యాకోచించి, చల్లబడుచు, తన వేడిమిలో చాలభాగమును వేగముగా మార్చుకొనును. ఈ మూతితో గాడర్డు సెకనుకు 8,000 అడుగులకు సమీపించిన వేగమును సాధించెను. నూటికి రెండు పాళ్లుగా నుండిన ప్రయోజనము అఱువది పాళ్లు మించెను. మూతి మార్చినంతనే ఇంత భేదము!

అటు పిమ్మట చేసినదే మాకు మిక్కిలి ప్రియమైన ప్రయోగము. ఆ మండుగదిని ఇనుప గొట్టములో వ్రేలాడదీసి, గొట్టములోని గాలిని పంపుతో తోడివేసి, బయటి పీడనములో నూఱవ వంతుకంటెను తక్కువయగునట్లు చేసి, లోపల మందు కాల్చెను. పైకి ఎంత లేచినదో తనకు తానే గుర్తు పడునట్లు అమర్చెను. ఇచ్చట నొక చిక్కు గలదు. వెలువడిన వాయువు గొట్టపు అడుగునకు కొట్టుకొని మరల పైకి తిరిగివచ్చి రాకెట్టును నెట్టినచో, శూన్యములో లేచినదని యెట్లు నమ్ముట? విమర్శకులు అడుగకమునుపే గాడర్డు ఈ ప్రశ్నను తన్ను తానే యడిగికొనెను. అందుకై గొట్టమును ఉంగరమువలె చుట్టుగా చేయించి, వాయువు లోపల తిరిగి తిరిగి ఒఱసికొని వేగము కోల్పోవునట్లు ఏర్పాటు చేసెను. ఇట్లు యాబదికి తక్కువగాని పరీక్షలు జరిపెను. శూన్యమున రాకెట్టు బలము తగ్గకపోగా, గాలిలోకంటె కొంత పెరిగెను! అదియు న్యాయమే. గాలియున్నచోట అది వెలువడు వాయువునకు అడ్డుపడుచు, మూతి యంచులపై ఎదురు ఒత్తిడి చేయుచుండును. గాలి లేనిచోట ఆ యాటంకము లేదు. గాలి రాకెట్టునకు ఊతము కాదు, అడ్డు.

ఇచ్చట కథను కొంచెము నిలిపి, ఆయన గొట్టములో మొదలిడిన శోధన నేడు ఎందాక వచ్చినదో చెప్పుట మంచిది. భూమి చుట్టును, గ్రహముల చెంతను తిరుగు నౌకలు తమ మొగమును ఇటునటు త్రిప్పుకొనుటకు చిన్న చిన్న రాకెట్టు మూతులు గలిగియుండును. కొన్నింటి బలము మన యఱచేతిలోని నిమ్మపండు బరువుకంటె మించదు. వీనినుండి వెలువడు వాయువు, భూమిమీద తారాజువ్వ నిప్పువలె సన్నని జ్వాలగా నిలువదు. చుట్టును నొక్కి పట్టు గాలి లేదు గనుక మూతి దాటగనే గొడుగు విప్పినట్లు అన్ని వైపులకును విచ్చుకొనును. మధ్యభాగము తిన్నగా పోవును; అంచుల నుండు పలుచని భాగము మూతి పెదవిని చుట్టి ప్రక్కకు, కొంత వెనుకకు సయితము మరలును. కొంత దూరము పోవునప్పటికి వాయు కణములు ఒకదానినొకటి తాకుట మాని, ఎవరి దారిని వారు పోవు బాటసారులవలె తిన్నగా సాగిపోవును. కంటికి ఇంచుమించు ఏమియు కనబడదు. అయినను ఆ కనబడని వాయువు సూర్యశక్తి పలకలకు తగిలి నౌకను త్రిప్పివేయవచ్చును; దూరదర్శినుల అద్దములపై పేరుకొని చూపును మసకబార్చవచ్చును. పొరుగింటి పొగ గోడదాటి మన గోడను నల్లచేసినట్లు, ఒక మూతి పొగ మఱియొక పరికరమును చెఱచును. మూతి చిన్నదగుకొలది మఱియొక నష్టము: గోడలనంటి మందకొడిగా నడచు వాయుపొర, ఆ యిఱుకు దారిలో ఎక్కువ పాలు ఆక్రమించి, వేగమును తగ్గించును. అందుచేత పెద్ద రాకెట్టును తగ్గించి గీసినంత మాత్రమున చిన్న రాకెట్టు కాదు.

1969లో చంద్రునిపై దిగిన ఈగిల్ అను నౌకకు ఇట్టి చిన్న మూతులు పదునారుండెను. వానిలో క్రిందివైపునకు చిమ్మునవి నౌక యడుగు భాగమును మాడ్చకుండునట్లు వాని క్రింద వంపుతిరిగిన రేకులను దోనెలవలె తగిలించిరి. వీనిని భూమిమీద పరీక్షించుట నేటికిని సులభము కాదు. శూన్యపు గదిలో కాల్చినంతనే వెలువడిన వాయువే ఆ శూన్యమును పాడుచేయును. గోడకు తగిలి తిరిగివచ్చును. గాడర్డు ఉంగరపు గొట్టముతో తప్పించుకొనిన చిక్కే యిది. జర్మనీ దేశపు గోటింగెన్ పరిశోధనాలయములో గది గోడలను ద్రవ హీలియముతో మిక్కిలి చల్లబఱచి, తగిలిన వాయువు తగిలినచోటనే మంచై అంటుకొని పోవునట్లు చేయుదురు. ఉపాయము మాఱినది కాని ప్రశ్న మాఱలేదు.

మన దేశమునకును ఇందు భాగము గలదు. మన ఆంధ్రదేశపు తీరమున నున్న శ్రీహరికోటనుండి 2013వ సంవత్సరము నవంబరు 5వ తేదీన బయలుదేరిన మంగళయాన నౌక, 2014 సెప్టెంబరు 24వ తేదీన అంగారకుని చెంతకు చేరెను. అచ్చట వేగము తగ్గించుకొననిచో గ్రహమును దాటి పోయెడిది. 440 న్యూటనుల బలముగల యొక యంత్రమును, దానితోపాటు ఒక్కొక్కటి 22 న్యూటనుల బలముగల ఎనిమిది చిన్న మూతులును సుమారు ఇరువదిమూడు నిమిషముల పాటు మండి, సెకనుకు సుమారు 1,100 మీటర్ల వేగమును తగ్గించెను. ఆ చిన్న మూతి ఒక్కొక్కటి రెండు కిలోగ్రాములకు కొంచెము పైబడిన బరువును మాత్రమే మోయగలది. ఆ సమయములో కొంతసేపు నౌక గ్రహమునకు చాటుగా నుండుటచే ఇక్కడివారికి కబురైనను అందలేదు. తన్నుటకు గాలి లేదు, చూచుటకు మనుష్యుడు లేడు. ఆ తొమ్మిది మూతులు తమ పని తాము చేసెను. చెఱ్ఱీచెట్టు కొమ్మపై కూర్చుండిన బాలుడు ఊహించిన చోటు అదియే.

మరల కథకు వత్తము. సొంత జీతముతో ఇట్టి ప్రయోగములు సాగవు. 1916లో గాడర్డు స్మిత్‌సోనియను సంస్థకు తన ఫలితములు వ్రాసి పంపగా, వారు 1917 జనవరిలో 5,000 డాలర్లు మంజూరు చేసిరి. ఇంతలో అమెరికా యుద్ధమున దిగెను. సైనికుడు చేతబట్టి కాల్చదగిన రాకెట్టు గొట్టమును ఆయన సిద్ధపఱచి 1918 నవంబరు మొదటి వారమున సేనాధికారుల యెదుట కాల్చి చూపెను. దానిని నిలుపుటకు సంగీతపు పుస్తకములు పెట్టు బల్లకాలు ఉపయోగించెనట. కొలది దినములకే, నవంబరు 11వ తేదీన యుద్ధము ఆగిపోయెను. గొట్టము మూలబడెను.

అత్యున్నత స్థలములకు చేరు విధానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథమును స్మిత్‌సోనియనువారు 1920 జనవరిలో లోకమునకు విడుదల చేసిరి. అందు నూటికి తొంబదిపాళ్లు లెక్కలు, పట్టికలు, మేము చెప్పిన శూన్య ప్రయోగములు. చివర నెక్కడనో, చంద్రుని చీకటిభాగముపై మెఱుపుమందు పడవేసినచో దూరదర్శినితో భూమినుండి చూడవచ్చునని ఒక సూచన మాత్రము వ్రాసెను. పత్రికలవారు ఆ తొంబదిపాళ్లు విడిచి, చంద్రుని పట్టుకొనిరి. జనవరి 13వ తేదీన న్యూయార్కు టైమ్సు పత్రిక సంపాదకీయమున, గాలి దాటిన తరువాత రాకెట్టునకు తన్నుటకు ఏదియు నుండదనియు, క్లార్కు కళాశాలలో ఉద్యోగము చేయుచున్న ఈ ఆచార్యునకు చర్యకును ప్రతిచర్యకును గల సంబంధము తెలియదనియు, దినదినమును హైస్కూళ్లలో వడ్డించెడి జ్ఞానము కొఱవడినదనియు ఎగతాళి చేసెను. శూన్యములో కాల్చి చూచిన ఫలితములు ఆ గ్రంథమునందే యున్నవి. వ్రాసినవాడు పుటలు త్రిప్పి చూచినచో చాలియుండెడిది. చదువక విమర్శించుట యెంత సులభమో మేము ఈ సందర్భమున నేర్చుకొంటిమి.

గాడర్డు క్లుప్తముగా సమాధానము చెప్పెను. కాని ఎగతాళికి ఉన్నంత రెక్కలు సమాధానమునకుండవు. చంద్రునికి పోవుటకు సిద్ధమని కొందఱు ఉత్తరములు వ్రాసిరి. చంద్రుని మనిషి యని కొందఱు వేళాకోళము చేసిరి. ఆయన విద్యార్థుల యెదుట గాజు గుడిసెలో తుపాకి నొకదానిని తిరుగు కడ్డీపై నమర్చి, గాలి తోడివేసి, గుండులేని తూటా పేల్చి, తుపాకి గిఱ్ఱున తిరుగుట చూపుచుండెను. 1924లో ఒక మాసపత్రికలో ఈ సంగతి విపులముగా వ్రాసెను. అయినను మనస్సునకు తగిలిన గాయము మానలేదు. అదివఱకే మితభాషి, అటుపైని తన పని యెవ్వరికిని చూపనివాడాయెను.

1921నుండి ఆయన దృష్టి ద్రవ ఇంధనములవైపు మరలెను. గాసొలినును, గాలికంటె మిక్కిలి చల్లనైన ద్రవ ప్రాణవాయువును ఒకచో కలిపి మండించుట ప్రమాదకరమైన పని. అయిదేండ్లు శ్రమపడెను. 1924లో వివాహమాడిన ఎస్తరు ఆయనకు సహాయురాలై, వ్రాతపని చేయుచు, ఛాయాచిత్రములు తీయుచుండెను. 1926వ సంవత్సరము మార్చి 16వ తేదీన, ఆబర్ను గ్రామములో పినతల్లివరుస బంధువు ఎఫీ వార్డుగారి తోటయందు, మంచు ఇంకను కరగని నేలపై, పది యడుగుల యెత్తుగల సన్నని చట్రమును నిలిపిరి. దానిలో మండుగది పైనను, ఇంధనపు తొట్లు క్రిందను ఉండెను. ముందునుండి లాగినచో తిన్నగా పోవునని ఆయన యెంచెను. అది సరికాదని తరువాత తెలిసికొని మార్చుకొనెను. నిప్పంటించిన వెంటనే అది లేవలేదు. కొన్ని సెకనులు గర్జించుచు నిలిచి, ఇంధనము కాలి బరువు తగ్గినపిదప కదలి, 41 అడుగుల యెత్తు లేచి, రెండున్నర సెకనులలో 184 అడుగుల దూరమున కాబేజీ తోటలో పడెను. ఎస్తరు చేతిలోని చలనచిత్రపు కెమేరా అంతకుముందే ఆగిపోయినందున, ఆ యెగురుట చిత్రమునకు చిక్కలేదు. చూచినవారు గాడర్డు దంపతులును, మఱి యిద్దఱును. మఱునాడు ఏ పత్రికయు దీనిని వ్రాయలేదు. ఆయనయు ఎవ్వరికిని చెప్పలేదు.

1929 జూలై 17వ తేదీన భారమితి, ఉష్ణమాపకము, కెమేరా మోసికొనిపోయిన రాకెట్టు చేసిన మ్రోతకు ఇరుగుపొరుగువారు విమానము కూలినదని భయపడి పోలీసులను పిలిచిరి. ఆ చోట మరల కాల్చరాదని అధికారులు ఉత్తరువు చేసిరి. అయితే ఆ గోలవలననే, అట్లాంటికు సముద్రమును ఒంటరిగా విమానముపై దాటిన లిండ్‌బర్గు ఈయనను గూర్చి విని, ఆ నవంబరులో వచ్చి కలిసికొని, గుగ్గెన్‌హైము కుటుంబమువారి ధనసహాయము ఏర్పఱచెను. 1930లో గాడర్డు న్యూమెక్సికో రాష్ట్రమునందలి రాజ్‌వెల్ మైదానమునకు పోయెను. వెలువడు జ్వాలలోనే చిన్న రేకులుంచి, బొంగరమువలె తిరుగు చక్రముతో వానిని కదల్చి, రాకెట్టును తిన్నగా నడుపుట అచ్చటనే సాధించెను. 1935లో ఒకటి 4,800 అడుగులు పోయెను. 1937లో మఱియొకటి 8,000 అడుగులు దాటెను.

ఆయన మౌనమును మేము పూర్తిగా మెచ్చుకొనజాలము. 1936లో కాలిఫోర్నియానుండి యువ శాస్త్రజ్ఞుడు మలీనా వచ్చి కలిసి పనిచేయుదమన్నను, యంత్రమును విప్పి చూపలేదు. పదిమంది చేతులు పడినచో త్వరగా జరుగవలసిన పని ఒక్కని చేతిలో నలిగెను. ఇంతలో జర్మనీలో నూర్లకొలది జనము, ప్రభుత్వ ధనము చేరి వి-2 అను భయంకరమైన రాకెట్టును నిర్మించి యుద్ధమున ప్రయోగించిరి. అయినను, నడివీధిలో నవ్వులపాలైనవాడు తలుపు మూసికొనుటకు కారణము తలుపుదగ్గఱ నవ్వినవారిలో కూడ నున్నదని మా యభిప్రాయము.

యుద్ధకాలమున ఆయన అన్నపోలిసు పట్టణములో నౌకాదళము కొఱకు, విమానములు త్వరగా లేచుటకు తోడ్పడు రాకెట్లను నిర్మించెను. గొంతులో పుండు కేన్సరని తేలెను. 1945వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బాల్టిమోరులో కన్నుమూసెను. పుట్టిన యూరనే సమాధి చేసిరి. ఎస్తరు విడువక ఆయన కాగితములను వెదకి కూర్చి, పేటెంట్లకై దరఖాస్తులు పెట్టెను; ఆయన పేర లభించిన 214 పేటెంట్లలో 131 ఆయన మరణించిన తరువాతవే. 1960లో అమెరికా ప్రభుత్వము వానిని వాడుకొనినందుకు పది లక్షల డాలర్లు చెల్లించెను. అంతకు ముందటి సంవత్సరముననే మేరీలాండులోని పరిశోధన కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి.

1969 జూలై 16వ తేదీన మువ్వురు మనుష్యులు చంద్రునికి బయలుదేరిరి. మఱునాడు న్యూయార్కు టైమ్సు పత్రిక తన 1920 నాటి సంపాదకీయమును జ్ఞప్తికి తెచ్చుకొని, రాకెట్టు శూన్యమునను పనిచేయునని యిప్పుడు నిశ్చయమైనదనియు, పొరపాటునకు చింతించుచున్నామనియు లోపలి పుటలో చిన్న సవరణ ప్రకటించెను. అప్పటికి నలువదితొమ్మిదేండ్లు గడచెను. గాడర్డు గతించి ఇంచుమించు ఇరువదినాలుగేండ్లయ్యెను. ఎస్తరు మాత్రము జీవించియుండెను.